అన్వరీ ఖాలా ఇద్దత్

మా పీయూసీలో అన్నింటికంటే పనికిమాలిన పేపరు ఏదని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పేది: మానవీయ శాస్త్రాల పరిచయం. సైన్సు తీసుకున్నవాళ్ళకూ ఆర్ట్సు తీసుకున్నవాళ్ళకూ అది తప్పనిసరి. అందులో తప్పితే మిగతావన్నీ పాసయినా లాభం లేదు. పుస్తకమేమో ఇంగ్లీషులో ఉండేది. గ్రీకు దేశపు గుళ్ళ బొమ్మలూ, మనిషి అంటే ఎవరని తెల్లవాళ్ళు చేసుకున్న వాదనలూ అందులో ఉండేవి. మెదక్‌లో కొత్తగా పెట్టిన మా కాలేజీకి సొంత భవనం లేదు. కిరాయికి తీసుకున్న పాత వడ్ల గిర్నీ గోదాములో, రేకుల కప్పు కింద చెమటలు కక్కుతూ ఆ వాదనలు బట్టీ పట్టేవాళ్ళం. నాకు ఒళ్ళు మండేది. మా నాయనది సైకిళ్ళు కిరాయికిచ్చే దుకాణం. నేను పీయూసీ గట్టెక్కి టీచరు ట్రైనింగుకు పోవాలి. గ్రీకు గుళ్ళతో నాకేం పని?

క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. నేనూ, ఖమర్ జహానూ. ఖమర్‌ది మా గల్లీయే, మా గోడకు ఆనుకున్న ఇల్లు. “రాజమణి ఎంబడి పోతే పో, లేకుంటే లేదు” అని నా పేరు చెప్పి, ఆ షరతు మీద వాళ్ళమ్మ ఆమెను కాలేజీకి పంపింది. పీయూసీ పాసయితే ఉర్దూ బడిలో పంతులమ్మ ఉద్యోగం దొరుకుతుందని ఖమర్ ఆశ. ఆ ఇంట్లో సంపాదించే మగవాడు లేడు. వాళ్ళమ్మ అన్వరీ పొద్దస్తమానం బీడీలు చుట్టేది. ఆమెను నేను ఖాలా అనేదాన్ని, అంటే మన పిన్ని వరస. వాళ్ళింట్లో మాట ఉర్దూ. నాకు ఆ గోడ పక్కన పుట్టి పెరిగినందుకు అది వచ్చు కాబట్టి ఇక్కడ అంతా తెలుగులోనే చెబుతున్నాను.

ఖాలా భర్త పేరు హకీం. ఇత్తడి గిన్నెలకు కలాయి, అంటే తగరం పూత, పెట్టే మనిషి. భుజాన కొలిమి తిత్తీ, సంచిలో తగరమూ వేసుకుని మంజీర నది పొడుగునా ఊళ్ళు తిరిగేవాడు. హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగిన ఏడు, ఖమర్ పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడు, దసరా ముందు ఊళ్ళమీదికి పోయి మళ్ళీ రాలేదు. అప్పట్లో అట్లా రానివాళ్ళు చాలామంది ఉన్నారు. కొందరు పాకిస్తాను పోయారన్నారు, కొందరు జైళ్ళలో ఉన్నారన్నారు. కొందరి గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఖాలా మాత్రం ముత్తైదువగానే ఉండిపోయింది. మెడలో నల్లపూసల లచ్ఛా తీయలేదు. పండుగ పండుగకూ చేతులనిండా గాజులు వేయించుకునేది. పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురికి పసుపు పెట్టేవాళ్ళ వరసలో వెళ్ళి నిలబడేది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. కొన్ని ఇళ్ళవాళ్ళు అసలు పిలవడమే మానేశారు. ఎదురింట్లో ఉండే ఆమె తమ్ముడు ముక్తార్ మొదట్లో ఎంతో పోరు పెట్టాడు. నాలుగేళ్ళు చూసిన తర్వాత ఖాజీ దగ్గరికి పోయి నికా తెంపించుకోవచ్చని, మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చెప్పాడు. “మొగడు బతికుండంగ ఇంకో మొగడా? నీకు సిగ్గు లేదా?” అని ఖాలా చీపురు తీసుకుంది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆమె పెళ్ళామా, విధవా అన్నది గల్లీకి తెలియదు. ఆమెకు మాత్రం తెలుసు.

ఇక మా సారు. ప్రభుదాసు సారు చర్చి కాంపౌండులో పుట్టి పెరిగి, హైదరాబాదులో ఎమ్మే చదివి వచ్చాడు. చిన్నవాడు, మంచివాడు. మంచివాళ్ళతోనే ఒక్కోసారి గండం ఉంటుంది. దసరా సెలవుల ముందు ఒకరోజు ఆయన పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

“ఇది బంద్ చేద్దాం. మీకు నచ్చుతలేదు, నాకు గూడ నచ్చుతలేదు. సెలవులల్ల ఇంటికి పోయి పెద్దోళ్ళను అడుగుండ్రి. వాళ్ళ కండ్ల ముంగట అయింది, ఎవ్వలికి చెప్పంది ఒక్కటి చెప్పుమనుండ్రి. కాయిదం మీద రాసుకరావద్దు. వాళ్ళు చెప్పినట్టే వచ్చి నోటితోని చెప్పాలె. మానవీయ శాస్త్రం అంటే గదే.”

మాకు ప్రాణం లేచి వచ్చింది. సెలవుల తర్వాత ఆ గోదాము గోదాములా లేదు. ఒకడు వాళ్ళ తాత జాగీర్దారు గుర్రాన్ని దొంగిలించి మళ్ళీ తనే వెతికి తెచ్చినట్టు నటించిన సంగతి చెప్పాడు. నేను మా అమ్మమ్మ మొదటిసారి బస్సెక్కినప్పుడు చెప్పులు కిందనే విడిచి ఎక్కిన సంగతి చెప్పాను. సారు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. మొదటిసారి ఆ పేపరు నాకు నచ్చింది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ కోపమే.

మూడో రోజు వెంకట్రాములు లేచాడు. పాపన్నపేట దిక్కు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, సేద్యం ఇల్లు. క్లాసులో అతన్ని మించిన నకలు మనిషి లేడు. సారునీ, బస్సు కండక్టరునీ, ఎవరినైనా దించేసేవాడు. వాళ్ళ నాయనమ్మ కిష్టవ్వ చెప్పిన సంగతి అని, భుజం మీద తువ్వాలును కొంగులా తల మీదికి లాక్కుని, నడుం వంచి, ముసలి గొంతుతో మొదలుపెట్టాడు. మొదలుపెట్టగానే నవ్వులు.

“మిల్ట్రీ వచ్చిన దినాలు బిడ్డా. రజాకార్ల పీడ పోయింది, ఇగ మంచిదే అనుకున్నం. దసరా ముంగట కలాయి పెట్టెటోడు వచ్చిండు. మా అరుగు ముంగటనే కొలిమి తవ్విండు. నా తల్లిగారు పెట్టిన బిందె ఏసిన, గిన్నెలేసిన. ‘తగరం తక్కువ పోస్తున్నవ్ రా, నా కండ్లు పోలే’ అన్న. ‘అవ్వా, నీ బిందెల మొగం జూస్కుంటే నువ్వే పెండ్లికూతురు లెక్క కనవడతవ్’ అన్నడు. గసుంటోడు. నోరు మస్తు.”

క్లాసు పగలబడి నవ్వింది. ఖమర్ కూడా నవ్వింది. ముసుగు తలపైకి నెట్టుకుని, నా భుజం మీద వాలి నవ్వింది.

“‘గీ దినాలల్ల ఎందుకు తిరుగుతున్నవ్ రా హకీమా’ అని అడిగిన. ‘బిడ్డ పుట్టింది అవ్వా, ఇంట్ల కూసుంటే ఎట్ల’ అన్నడు.”

నా భుజం మీది బరువు తగ్గింది. నేను ఖమర్ వైపు చూడలేదు. హకీం అనే పేరు ఎందరికి లేదు అనుకున్నాను. కలాయి పెట్టే హకీంలు మెదక్ చుట్టుపట్ల ఎందరుంటారని మాత్రం అనుకోలేదు.

వెంకట్రాములు ఊపు మీద ఉన్నాడు. “పొద్దుగూకంగ గుంపు వచ్చింది. గొడ్డండ్లు, కట్టెలు. ‘తురకోడు ఉన్నడా’ అన్నరు. నేను వానిని వడ్ల గుమ్మిల దింపి మీద గోనెసంచులు కప్పిన. ‘లేడు, ఎప్పుడో పాయె’ అన్న. పోయిండ్రు. తెల్లారింది. వాడు గుమ్మిలకెల్లి లేసిండు. మీద వడ్లు దులుపుకొని, ‘అవ్వా, నీ బిందె సగమే అయింది, మిగిలింది చేసి పోత’ అన్నడు. ‘బిందె మన్నువడ, ముందుగాల నువ్వు పో’ అన్న. ‘సగం కలాయి పెట్టిన బిందె ఇడిసిపెట్టి పోతే నన్ను మల్ల ఏ ఊర్లె రానిస్తరు’ అన్నడు. కొలిమి రాజేసిండు. పొగ లేసింది. పొగ జూసి మల్ల వచ్చిండ్రు.”

ఇప్పుడెవరూ నవ్వడం లేదు. వెంకట్రాములు కూడా నడుం నిటారుగా చేసి, తువ్వాలు తల మీది నుంచి జారిపోయినా పట్టించుకోకుండా, మామూలు గొంతుతో చెప్పసాగాడు.

“‘మంజీర ఒడ్డుకు మన్నువెట్టినం. వాళ్ళ తీరు నాకు ఎరుకనే. తల ఉత్తరానికి వెట్టి మొగం పడమటికి తిప్పుమన్న. ఎవ్వలికి చెప్పలే. చేసినోళ్ళల్ల మావోళ్ళు గూడ ఉండిరి.’ గంతే సార్. గిది చెప్పి మా నాయినమ్మ బువ్వ తినలే.”

సారు అతని భుజం తట్టాడు. “మస్తు చెప్పినవ్ వెంకట్రాములు. చరిత్ర అంటే గిదే. ఏ పుస్తకంల దొరకదు.”

మస్తు అన్నాడు. ఆ మాటకు నేను ఆయన్ను చాలాకాలం క్షమించలేదు.

ఖమర్ లేచి నిలబడింది. క్లాసులో ఆమె తనంతట తాను మాట్లాడటం అదే మొదలు. “ఆ బిడ్డ పేరు చెప్పిండా?” అని అడిగింది.

“ఏ బిడ్డ?” అన్నాడు వెంకట్రాములు.

“పుట్టిన బిడ్డ.”

“మా నాయినమ్మ గది చెప్పలే.”

“పేరు ఖమర్,” అన్నది. “అది నేనే.”

వెంకట్రాములు సారు వైపు చూశాడు. సారు డస్టరు తీసి నల్లబల్ల తుడవడం మొదలుపెట్టాడు. బల్ల మీద ఏమీ రాసి లేదు.

ఇంటికి నడుస్తుంటే ఖమర్ ఏడవలేదు. దారి పొడుగునా ఒక్కటే మాట. “అమ్మికి చెప్పను. రాజమణీ, నువ్వు గూడ చెప్పకు. ఆమె గట్లనే బతకనీ. ఇన్నేండ్లు బతికింది గద.” క్లాసు నిండా విన్న మనుషులున్నారనీ, మెదక్ ఎంత చిన్న ఊరో తనకు తెలియదా అనీ నేనన్నాను. “ఎవలన్న చెప్పెదాంక చెప్పను,” అంది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్నని తెలుసు కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

చెప్పే అవసరం రాలేదు. ఖాలా చాటలో తునికాకు కత్తిరిస్తూ తల ఎత్తి చూసింది. బిడ్డ మొహం చూసింది, నా మొహం చూసింది. కత్తెర కింద పెట్టింది. “ఎవలు పోయిండ్రు?” అని అడిగింది. ఖమర్ వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుంది. “మీ అబ్బానా?” అని అడిగింది ఖాలా. పద్దెనిమిదేళ్ళు ఆయన బతికే ఉన్నాడని చీపురు తీసుకుని కొట్లాడిన మనిషి, అడగాల్సి వచ్చినప్పుడు మొదట అడిగిన పేరు అదే.

ఖమర్ చెప్పింది. గుమ్మి సంగతి, బిందె సంగతి, మంజీర ఒడ్డు సంగతి. ఖాలా మధ్యలో ఒక్కసారే మాట్లాడింది. “మొగం పడమటికే పెట్టిండ్రా?” “పెట్టిండ్రంట.” “ఎవలు పెట్టిచ్చిండ్రు?” “ఆ ముసలామె.” ఖాలా తల ఊపింది. ఆమె కంట నీళ్ళు రాలేదు. చాటను పక్కకు జరిపి, ఆకు మీద తడిగుడ్డ కప్పి, తమ్ముణ్ణి పిలవమంది. మౌల్వీ సాబును తీసుకు రమ్మంది. తాను ఇద్దత్ కూర్చోవాలి కాబట్టి ఎట్లా కూర్చోవాలో, ఏ రోజు నుంచి లెక్కో ఆయన నోటి నుంచి వినాలంది.

భర్త చనిపోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా దుఃఖంలో కూర్చోవడమే ఇద్దత్. రంగు బట్టలుండవు, గాజులుండవు, అత్తరుండదు, పెళ్ళీ పేరంటమూ ఉండవు. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి పుర్సా ఇస్తారు, అంటే పరామర్శ. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు, వాళ్ళే వండి తెస్తారు. మా గల్లీలో ఎన్నో ఇళ్ళలో చూశాను. గోషాలో ఉండి మనుషుల కంటపడని ఆడవాళ్ళను కూడా ఆ నాలుగు నెలలూ లోకమంతా వచ్చి పలకరిస్తుంది.

మౌల్వీ సాబు మరునాడు పొద్దున వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గోనె పరదాకు ఇవతల ఖాలా, ఖమర్, నేను. ముసలాయన, చాలా మృదువుగా మాట్లాడేవాడు. సంగతంతా విని, దువా చదివి, గొంతు సవరించుకున్నాడు.

“బేటీ, నీకు కూసునే పని లేదు. ఇద్దత్ లెక్క చనిపోయిన దినం నుంచి. భార్యకు తెలిసినా తెల్వకున్నా దినాలు ఆగవు. నీ ఇద్దత్ అప్పుడే, పద్దెనిమిదేండ్ల కిందనే పూరా అయిపోయింది. అల్లా నీకు ఆ కష్టం తప్పిచ్చిండు. ఇగ నువ్వు ఆజాద్.”

ఆయన ఓదార్చడానికే అన్నాడు. ఆయన చదువుకున్న శాస్త్రంలో ఉన్నదే చెప్పాడు. నాకు ఆయన గడ్డం పట్టుకుని లాగాలనిపించింది.

“అయిపోయిందా?” అంది ఖాలా. “ఆ బక్రీదుకు నేను చేతులకు మెహందీ పెట్టుకున్న. కొత్త గాజులు ఏసుకున్న. ఆయన వస్తడని పచ్చ ఓణీ కప్పుకొని వాకిట్ల నిలబడ్డ. అదేనా మౌల్సాబ్ నా ఇద్దత్?”

“తెల్వక చేసినదానికి గునా లేదు, పాపం లేదు బేటీ.”

“గునా గురించి అడుగుతలేను. నేను ఎప్పుడు ఏడ్వాలె, అది చెప్పుండ్రి.”

మౌల్వీ సాబు లేచాడు. ఏడవద్దని ఎవరూ అనరనీ, ఓర్పు పట్టమనీ చెప్పి వెళ్ళిపోయాడు. ముక్తార్ ఆయన్ను మసీదు దాకా సాగనంపి వచ్చి, “ఇన్నవు గద అక్కా, ఇగ అయిపోయింది” అన్నాడు.

“ఆయన లెక్క ఆయనది,” అంది ఖాలా. “నాకు ఇయ్యాల్నే మొదలు.”

ఆమె కూర్చుంది. చేతులు సబ్బునీళ్ళలో పెట్టి గాజులు ఒక్కొక్కటీ తీసింది, తెల్ల చీర కట్టింది, లోపలి గదిలో గోడవారగా చాప వేసుకుంది. కానీ గల్లీలో ఎవరూ పుర్సాకు రాలేదు. మౌల్వీ సాబు లేదన్న ఇద్దత్‌కు పుర్సా ఏమిటని వాళ్ళ అనుమానం. చావు లేని ఇంటికి చావు పలకరింపుకు పోతే అరిష్టమని కొందరు. ఒకరిద్దరు వచ్చి, ఇదేం పిచ్చి అన్వరీ, లేచి బీడీలు చేసుకో అని సలహా చెప్పి పోయారు. మా అమ్మ వండి పంపింది. అదొక్కటే ఆ ఇంటికి వచ్చిన పుర్సా బువ్వ. ఖాలా కంట మాత్రం ఒక్క చుక్క రాలేదు. ఏడుద్దామని కూర్చున్న మనిషికి ఏడుపు రాకపోవడం నేను అప్పుడే చూశాను. ఎవరైనా వచ్చి మెడ కావలించుకుంటే కదా ఏడుపు వచ్చేది.

ఖమర్ కాలేజీ మానేసింది. తల్లి వంతు బీడీలు కూడా తనే చుట్టి కార్ఖానాలో ఇచ్చి రావాలి. నేను ఒక్కదాన్నే పోయేదాన్ని. సారు మళ్ళీ మమ్మల్ని ఏ కథా చెప్పమనలేదు. గ్రీకు గుళ్ళు తిరిగి వచ్చాయి. మానవీయ విలువల మీద రోజూ నోట్సు చెప్పేవాడు, మేము తలవంచుకుని రాసుకునేవాళ్ళం. ఒకసారి నన్ను ఆపి, ఖమర్ హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరని, ఎట్లాగైనా రమ్మనమని చెప్పాడు. “మీరే వచ్చి చెప్పుండ్రి సార్” అన్నాను. ఆయన రాలేదు.

వెంకట్రాములు నకలు చేయడం మానేశాడు. ఒకరోజు బస్సు దగ్గర నాకు అడ్డం వచ్చి, “నేనేం తప్పు చేసిన? అడగమంటే అడిగిన, చెప్పమంటే చెప్పిన” అన్నాడు. అతని తప్పేమీ లేదు, అందుకే గట్టిగా తిట్టాను. అన్నీ పడ్డాడు. “మా నాయినమ్మకు ఈ సంగతి చెప్పిన. అన్నం నీళ్ళు ముడ్తలేదు. ఆమెను ఒక్కసారి పలకరిచ్చి వస్త అంటుంది. తోల్కరమ్మంటవా?” అని అడిగాడు. ఖాలాను అడిగి చెబుతానన్నాను. ఖాలా, “రమ్మను. ఒక్కరన్న వస్తరు” అంది.

ఆదివారం పగలు నాయనమ్మా మనవడూ వచ్చారు. చర్చి విడిచిన జనం ఇంకా రోడ్డు మీద ఉన్నారు. పాపన్నపేట దిక్కు ఊళ్ళలో చావు పలకరింపుకు వచ్చే ఆడది నిశ్శబ్దంగా రాదు. గల్లీ మొదట్లో అడుగుపెట్టగానే శోకం ఎత్తుకుంటూ రావాలి. కిష్టవ్వ అట్లాగే వచ్చింది. బక్కపలచని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, చేతులు చాపి, ఇల్లు ఏదో తెలియకపోయినా ముందుకు నడుస్తూ ఎత్తుకుంది.

“ఓ హకీమా, నా కొడుకా, గుమ్మిల దాస్తి గద కొడుకా... బిందె పాడుగాను, పోరా అంటి గద కొడుకా... నీ పెండ్లాం ఏడ ఉన్నదో తెల్వకపాయె కొడుకా...”

గల్లీ తలుపులన్నీ తెరుచుకున్నాయి. ముక్తార్ పరుగెత్తి వచ్చాడు. ముస్లిములలో అట్లా గొంతెత్తి ఏడవడం తప్పు. “బంద్ చెయ్ ముసల్దానా! ఇది ఏం తరీఖా, ఏం పద్ధతి?” అని అరిచాడు. లోపలి నుంచి ఖాలా గొంతు వినిపించింది. “రానీ ముక్తార్. ఆమెను రానీ.”

వెంకట్రాములు వాకిట్లో ఆగిపోయాడు, పరాయి మగవాడు ఆ ఇంట్లోకి రాకూడదని అతనికి తెలుసు. పరదా పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కిష్టవ్వ లోపలికి వచ్చి, చాప మీద తెల్ల చీరలో ఉన్న మనిషిని చూసి, అడగకుండానే పక్కన కూలబడి మెడ చుట్టూ చేతులు వేసింది. శోకం ఆపలేదు. హకీం నవ్వూ, మాటకారితనమూ, తగరం మీద తమ కొట్లాటా, అన్నీ ఆ ఏడుపులో పెట్టి ఏడ్చింది. ఖాలా మొదట కర్రలా బిగుసుకుని ఉంది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. తర్వాత ఆమె గొంతులోంచి వచ్చిన చప్పుడు విని ఖమర్ చెవులు మూసుకుంది. పద్దెనిమిదేళ్ళ ఏడుపు ఒకేసారి వస్తే వినేవాళ్ళ వల్ల కాదు. నేనూ ఏడ్చాను. నాకు ఆయన మొహం కూడా తెలియదు.

ఎంతసేపటికో ఇద్దరూ తేరుకున్నారు. నేను ఇద్దరికీ చెంబుతో నీళ్ళిచ్చాను. ఖాలా ముసలామె చెయ్యి వదల్లేదు.

“నా ఇంటాయనకు నువ్వు చేసింది ఎవ్వలు చేయరు అవ్వా. మొగం గూడ పడమటికి తిప్పిచ్చినవు. గని ఒక్కటి చెప్పు. మావోళ్ళు గూడ ఉండిరి అన్నవంట. ఎవలు?”

కిష్టవ్వ తల దించుకుంది.

“నిన్ను మెడకేసుకొని ఏడ్చి అబద్ధం ఆడలేను బిడ్డా. నా కొడుకు. మా అరుగు ముంగట పొగ లేస్తే వానికి గాక ఎవలికి ఎరుక? వాడే పోయి తోల్కొచ్చిండు. గుమ్మి కాడ నేను అబద్ధం ఆడి తల ఒంపులు చేసిన్నని వానికి కోపం. నన్ను ఏడ్వనియ్యలే. ఏడిస్తే పోలీసోళ్ళు పట్టుకపోతరు అన్నడు. ఇన్నేండ్లు పొలంకాడికి పోయి, ఎవ్వలు లేనప్పుడు...” ఆగి, పరదా వైపు చూసింది. “గీ పిల్లగాని నాయిన.”

పరదా కింద వెంకట్రాములు కాళ్ళు కనిపిస్తున్నాయి.

ఖాలా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అట్లా అని ఇంతకుముందులా పట్టుకోనూ లేదు. రెండు చేతులూ చాప మీద పక్కపక్కన పడి ఉన్నాయి. నేను ఆమె అరుస్తుందనుకున్నాను. వెళ్ళగొడుతుందనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని.

“నీ కొడుకు భార్యకు తెలుసునా?” అని అడిగింది.

“తెల్వది. అప్పుడు కాన్పుకు తల్లిగారింటికి పోయింది. వీడు అప్పుడే పుట్టిండు.”

ఖాలా ఖమర్ వైపు చూసింది.

“ఆమెకు తెల్వనియ్యకు,” అంది. “నాకు తెలిస్తే నేను చాప ఏసుకొని కూసున్న. ఆమె ఏడ కూసుంటది? రోజు ఆయనకు బువ్వ వెట్టాలె గద.” తర్వాత అలసిపోయిన గొంతుతో అంది. “ఇగ పో అవ్వా. నువ్వు వచ్చినవు, ఏడ్చినవు, చాలు. మల్ల రాకు.”

కిష్టవ్వ లేచింది. నేను చెయ్యి పట్టుకుని వాకిటి దాకా తెచ్చాను, ఖమర్ వెంట వచ్చింది. వెంకట్రాములు గోడకు ఆనుకునే ఉన్నాడు. అంతా విన్నాడని అతని మొహమే చెబుతోంది. నాయనమ్మ వైపు చూడలేదు. ఆమె అతని పక్కనుంచి దాటి, ఒక్కతే మెల్లగా గల్లీ మొదటికి నడిచింది. ముక్తార్ తన గుమ్మంలో నిలబడి ఆమెను చూస్తున్నాడు.

వెంకట్రాములు ఖమర్‌ను అడిగాడు. “మీ అమ్మకు నువ్వెట్ల చెప్పినవు?”

“నేను చెప్పలే,” అంది ఖమర్. “ఆమెనే అడిగింది. మీ అమ్మ గూడ అడుగుతది.”

వెంకట్రాములు తల అడ్డంగా ఊపాడు.

“అడగదు,” అన్నాడు. “మా ఇంట్ల ఎవ్వలు ఎవ్వలిని ఏం అడగరు.”